డిక్షనరీ అట్ట మీద ఉన్న పేరు



ఈ పేజీలో ప్రతి నెలా ఒక గొప్ప మనిషి జీవితం చదువుతున్నారు కదా. ఈ నెల రాసే వంతు నాకొచ్చింది. నేను పిల్లలకి ఇంగ్లీషు చెప్పే టీచర్ని. ఇంగ్లీషు పేజీలకైతే గబగబా రాసిచ్చేసేదాన్ని. తెలుగు పేజీలు అనేసరికి భయమేసింది. ఒకటో తరగతి నుంచి బీఈడీ దాకా నా చదువంతా ఇంగ్లీషు మీడియమే. అందుకే రాసినదాన్ని ముందు మా తెలుగు సార్‌కి చూపించాను. ఆయన ఎర్ర పెన్ను బాగానే వాడారు. ఇంకా తప్పులు కనిపిస్తే అవి నావే.

ఎవరి గురించి రాయాలో చెప్పింది మాత్రం ఎనిమిదో తరగతి పిల్లాడు. లైబ్రరీ పీరియడ్‌లో కింది అరలో ఉన్న లావుపాటి తెలుగు డిక్షనరీని రెండు చేతులతో బయటికి లాగి, అట్ట మీద పేరు చదివి, బ్రౌన్ అంటే కంపెనీ పేరా మేడమ్ అని అడిగాడు. వెనకాల అమ్మాయి, కాదురా అది రంగు పేరు అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు, జవాబు కోసం నా మొహం చూస్తున్నాడు. బ్రౌన్ ఒక ఇంగ్లీషాయన అని, డిక్షనరీ రాశారని చెప్పాను. ఇంగ్లీషాయనకి తెలుగు డిక్షనరీతో పనేమిటి అన్నది వాడి రెండో ప్రశ్న. అంతటితో నా దగ్గరున్న సమాచారం అయిపోయింది. రేపు చెప్తాను కూర్చో అన్నాను. మేం టీచర్లం ఆ మాట ఎప్పుడు అంటామో మీ పిల్లలకి బాగా తెలుసు.

ఆ రేపు రావడానికి నాకు దాదాపు నెల పట్టింది. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, చాలా భాషలు తెలిసిన మనిషి. పిల్లలకి చిన్నప్పుడే ఇంట్లో గ్రీకు, హీబ్రూ లాంటి భాషలు మొదలుపెట్టించారు. మూడు భాషలు మా వాడికి ఎక్కువైపోతున్నాయి మేడమ్ అని పేరెంట్స్ మీటింగ్‌లో వింటూ ఉంటాను కాబట్టి ఈ సంగతి వదిలిపెట్టలేకపోయాను, ఏమీ అనుకోకండి. 1812లో తండ్రి చనిపోయారు. అప్పటికి చార్లెస్‌కి పదమూడేళ్ళు. కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాలకి కుర్రాళ్ళని తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో చదువుకుని, 1817 ఆగస్టు 4న ఆయన మద్రాసులో ఓడ దిగారు. ఇంకా పంతొమ్మిది నిండలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

కంపెనీ కొత్త ఉద్యోగులకి ఇక్కడి భాషలు నేర్పడానికి సెయింట్ జార్జి కోట పేరుతో మద్రాసులో ఒక కాలేజీ ఉండేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దారు. 1820 జూన్‌లో పరీక్ష పాసయ్యారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, ప్రజల భాష నేర్చుకోవాలని కుర్ర ఉద్యోగులకి గట్టిగా చెప్పారు. ఆ ఆగస్టులో బ్రౌన్‌ని కడప పంపించారు. అక్కడి కలెక్టరు హన్‌బరీ ఊరివాళ్ళతో సమానంగా తెలుగు మాట్లాడేవారు. కచేరీలో పనంతా తెలుగులోనే. ఇంకో దారి లేక బ్రౌన్‌కీ తెలుగు వచ్చేసింది.

ఇక్కడిదాకా ఇది మామూలు కథే. ఉద్యోగం కోసం భాష, పరీక్ష కోసం పుస్తకం. మన దగ్గరా అంతే కదా. 1821లో కడపలో సొంత డబ్బుతో రెండు ఉచిత బడులు పెట్టారనేది ఒక్కటే కొంచెం వేరుగా కనిపిస్తుంది. 1822లో మచిలీపట్నం బదిలీ అయ్యింది. అప్పటికీ ఆయన చేతిలో ఒక్క తెలుగు కావ్యం కూడా సరిగా లేదు. భాష వచ్చు, ఆ భాషలో పుస్తకాలున్నాయని మాత్రం పెద్దగా తెలియదు.

మలుపు ఒక పుస్తకం వల్ల వచ్చింది. అది తెలుగు పుస్తకం కాదు, తెలుగువాళ్ళు రాసిందీ కాదు. అబ్బే దుబోయ్ అని ఒక ఫ్రెంచి మతబోధకుడు మైసూరు వైపు ముప్ఫై ఏళ్ళు ఉండి, ఇక్కడివాళ్ళ తిండి, పెళ్ళి, పండగ, కులం అన్నీ గమనించి ఒక పెద్ద పుస్తకం రాశారు. 1824లో బ్రౌన్ దాన్ని చదువుతుంటే అందులో వేమన అనే కవి ప్రస్తావన కనిపించింది. కథ అంతా ఆ ఒక్క పేరుతో మొదలైంది. ఎక్కడో మైసూరులో ఉన్న ఫ్రెంచాయనకి తెలిసిన తెలుగు కవి, ఏడేళ్ళుగా తెలుగు చదువుతున్న తనకి ఎందుకు తెలియలేదు?

ఆ ప్రశ్న పట్టుకుని ఆయన తన చుట్టూ ఉన్న పండితుల్ని అడిగారు. వాళ్ళ లెక్కలో వేమన కవే కాదు. పామరులు పాడుకునే పద్యాలు, పెద్దలు పట్టించుకోవలసినవి కావు. బయట మాత్రం బండివాడికీ రైతుకీ అవి నోటికి వచ్చు. చదువుకున్నవాళ్ళ అల్మరాలో లేని కవి చదువురానివాళ్ళ నోట్లో ఉన్నాడు. బ్రౌన్ తాటాకు ప్రతులు వెతికించడం మొదలుపెట్టారు.

తాటాకు పుస్తకం మన పిల్లలు చూసి ఉండరు. నేనూ మ్యూజియం అద్దం వెనకే చూశాను. ఎండబెట్టి సరిచేసిన ఆకు మీద గంటంతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం కనిపించదు. పైన మసి రుద్ది తుడిస్తే గీతల్లో నిలిచి నల్లగా తేలుతుంది. ఆకులకి చిల్లు పొడిచి తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కట్టేస్తారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పురుగులు తింటాయి, అంచులు విరుగుతాయి, అందుకని కొన్నేళ్ళకోసారి ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. ఎక్కించేవాడు అలిసిపోతే ఒక పాదం జారిపోతుంది. తెలివైనవాడైతే మరీ ప్రమాదం, తనకి నచ్చని మాట మార్చేస్తాడు, ఒక్కోసారి సొంత పద్యం కలిపేస్తాడు. కాబట్టి ఒకే పద్యం పది ప్రతుల్లో పది రకాలుగా ఉంటుంది.

బ్రౌన్ చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడే ఉంది. ఒక్క ప్రతి దొరకగానే సంతోషపడి అచ్చుకి పంపలేదు. వీలైనన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, కాగితం మీద శుభ్రంగా రాయించారు. ఒక పేజీలో మూలం, ఎదురు పేజీ ఖాళీ. వేరే ప్రతుల్లో కనిపించిన తేడాలు, అర్థాలు, అనుమానాలు ఆ ఖాళీలో చేరేవి. నేను పిల్లల నోట్‌బుక్కుల్లో ఎడమ పేజీ వదిలేయమంటే కాగితం వేస్ట్ అని మీలో కొందరు డైరీలో రాసి పంపారు. ఇకనుంచి బ్రౌన్ గారి పేరు చెప్పుకుంటాను.

వేమన పద్యాలు వేలల్లో దొరికాయి. అందులో 693 ఎంచుకుని, ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో అచ్చువేయించారు. పదేళ్ళ తర్వాత 1839లో రెండోసారి వేసినప్పుడు పద్యాలు 1164 అయ్యాయి. ఈ రోజు మీ పిల్లల తెలుగు వాచకంలో వేమన పద్యం లేకుండా ఉండదు. చిన్నప్పుడు మీరు కంఠస్థం చేసింది కూడా ఒకటో రెండో ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. జనం నోట్లో అవి ఎలాగూ బతికేవే. కానీ నోటి నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి బడిలోకి వచ్చిన దారిలో మొదటి పెద్ద అడుగు ఇదే.

ఒకటి మాత్రం ఆయనకి దొరకలేదు. వేమన జీవితం. పద్యాలు ఎన్ని పోగేసినా, రాసినవాడు ఎప్పుడు పుట్టాడో, ఏం చేసేవాడో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. కొండవీటి రాజుల ఇంటి బిడ్డ అని ఒక కథ, రాయలసీమ రైతు అని ఒక కథ, వదినగారి నగల కథ, కంసాలి మిత్రుడి కథ. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉంది, అక్కడికి జనం ఇప్పటికీ వెళ్తారు. ఏ శతాబ్దం వాడు అన్న దాని మీద పండితులు ఆ తర్వాత నూరేళ్ళకి పైగా వాదించుకుంటూనే ఉన్నారు. పుస్తకం మిగిలింది, మనిషి జారిపోయాడు. పుస్తకం రాసినవాడి గురించి అదే కాలంలో ఎవరో ఒకరు నాలుగు మాటలు రాసి పెట్టకపోతే ఏమవుతుందో బ్రౌన్‌కి వేమన దగ్గరే తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ముసలితనంలో ఆయన తన చదువు, రాత ఎలా సాగాయో తనే చిన్న పుస్తకంగా రాసి అచ్చువేశారు. అది లేకపోతే ఈ వ్యాసమూ లేదు.

వేమనతో మొదలైంది వేమనతో ఆగలేదు. రాజమండ్రిలో కొన్నాళ్ళు పనిచేసి మళ్ళీ కడప వచ్చాక, అక్కడ తోటతో సహా ఒక పెద్ద బంగళా కొన్నారు. అందులో పండితులు, రాయసగాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసేవారు. జనం దానికి బ్రౌన్ కాలేజీ అని పేరు పెట్టారు. జీతాలన్నీ ఆయన జేబులోంచే. జీతం చాలకపోతే అప్పులు చేశారు. జూలూరి అప్పయ్య శాస్త్రి అనే పండితుడు ఏళ్ళ తరబడి ఆయనతో ఉండి ఈ పనికి పెద్ద దిక్కయ్యారు. 1851లో వచ్చిన మనుచరిత్ర అచ్చుప్రతికి వ్యాఖ్య ఆయనదే. రావిపాటి గురుమూర్తి శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మ శాస్త్రి లాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. అట్ట మీద బ్రౌన్ పేరు ఒక్కటే ఉంటుంది. లోపలి పేజీల్లో ఇంతమంది కళ్ళు అరిగాయి. మా ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడు గ్రూప్ ప్రాజెక్ట్ అన్నమాట అని ఒకమ్మాయి తేల్చేసింది. లీడర్ పేరు మాత్రమే టీచర్‌కి గుర్తుంటుందట. నాకు కొంచెం తగిలింది.

పండితులు ముట్టుకోని పుస్తకాల వైపు బ్రౌన్ ప్రత్యేకంగా వెళ్ళారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం అప్పట్లో బ్రాహ్మణ పండితుల ఇళ్ళలో కనిపించేది కాదు, జంగాల దగ్గర ఉండేది. ఆయన వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ సాహిత్యం గురించి 1840లో ఒక వ్యాసమే రాశారు. బయటివాడు కావడం వల్ల ఆయనకి వచ్చిన లాభం ఇది. ఈ పుస్తకం మనది, అది వాళ్ళది అనే గీత ఆయన చూపులో లేదు.

ఇంత చెప్పానని ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీ ఇక్కడికి పన్నులు వసూలు చేసుకోవడానికి వచ్చింది, పద్యాలు కాపాడటానికి కాదు. మన పెద్ద కవుల మీద ఆయన ఇచ్చిన తీర్పులు కొన్ని చదివితే మా తెలుగు సార్‌కి బీపీ పెరుగుతుంది. ఆయనే మొదటివారూ కాదు. మచిలీపట్నంలో మామిడి వెంకయ్య గారు అంతకుముందే ఆంధ్రదీపిక అనే నిఘంటువు చేశారు, ఎ. డి. క్యాంప్‌బెల్ అనే అధికారి 1816లో వ్యాకరణం, 1821లో నిఘంటువు వేశారు. బ్రౌన్ వాళ్ళ భుజాల మీద నిలబడ్డారు.

1832లో ఆయన జీవితంలో పుస్తకాలతో సంబంధం లేని ఒక సంఘటన వచ్చింది. అలా అనుకున్నాను మొదట చదివినప్పుడు. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆ ఏడాది నందన నామ సంవత్సరం. గుంటూరు ప్రాంతంలో వానల్లేవు. పొలాల్లో పైరు లేదు, తర్వాత గింజ లేదు, తర్వాత గడ్డి కూడా లేదు. డొక్కలు బయటపడ్డ మనుషులు కనిపించేవారు కాబట్టి జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. జిల్లాలో సుమారు 5 లక్షల మంది ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని లెక్కలు. రోడ్ల వెంట మద్రాసు వైపు నడుస్తూ నడుస్తూ పడిపోయినవాళ్ళు ఎంతోమంది. బ్రౌన్ ఆ సమయంలో అక్కడ పనిచేశారు. పైకి పంపే ఉత్తరాల్లో జరుగుతున్నదాన్ని కరువు అని రాశారు. పైవాళ్ళకి ఆ మాట నచ్చలేదని, కొరత అని రాస్తే చాలన్నారని, ఆయన ఒప్పుకోలేదని ఆయన జీవితం మీద పనిచేసినవాళ్ళు చెబుతారు.

కొరత, కరువు. పరీక్షలో రెండూ సమానార్థకాలని రాస్తే నేను మార్కు ఇచ్చేస్తానేమో. కానీ కొరత అని రాస్తే ప్రభుత్వం వచ్చే పంట దాకా ఆగవచ్చు. కరువు అని రాస్తే గంజి కేంద్రాలు తెరవాలి, శిస్తు మాఫీ చేయాలి, లెక్క చెప్పాలి. మాటకి సరైన అర్థం వెతకడం అంతవరకూ ఆయనకి సాయంత్రాల పని. ఇక్కడ అది ఉద్యోగానికే వచ్చింది. పై అధికారులతో తేడాలు ముదిరాయి. 1834లో ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించారు. అప్పటికి వయసు ముప్ఫై అయిదు. చేతిలో జీతం లేదు, నెత్తిన అప్పులున్నాయి, సగంలో ఆగిపోయిన పుస్తకాలున్నాయి. ఆ పరిస్థితిలో ఇంగ్లండు ఓడ ఎక్కారు.

మనలో ఎవరైనా ఆ ఓడలో ఉంటే ఏం ఆలోచిస్తామో మీరే ఊహించండి. ఆ తాటాకుల గొడవ మనకెందుకు అనుకోమా? ఈఎంఐలు ఉన్న ఇంట్లో ఉద్యోగం పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా నాన్నగారి విషయంలో చూశాను. అప్పుడు ఇంట్లో మొదట ఆగిపోయింది మాకు వచ్చే పిల్లల పత్రిక.

లండన్‌లో బ్రౌన్ ఏం చేశారంటే, ఈస్టిండియా కంపెనీ వారి లైబ్రరీకి వెళ్ళారు. మన దేశం నుంచి ఎవరెవరో సేకరించి పంపిన దక్షిణాది గ్రంథాలు అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. చదవగలిగినవాళ్ళు లేక అవి ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. ఉద్యోగం పోయిన మనిషి ఆ కట్టలు విప్పి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ ఏ పుస్తకమో చూసి జాబితా చేశారు. రెండు వేలకు పైగా గ్రంథాలు. అవి తిరిగి మద్రాసు చేరేలా ఏర్పాటు చేశారు. ఆయన సొంత సేకరణ కూడా తర్వాత మద్రాసు లిటరరీ సొసైటీకే ఇచ్చారు. ఆయన పోగుచేయించిన ప్రతులు ఇప్పటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

1837లో మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఈసారి మద్రాసులో, ప్రభుత్వానికి పర్షియన్ అనువాదకుడిగా, ఆ తర్వాత తెలుగు అనువాదకుడిగా. 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. మిగతా కాలమంతా నిఘంటువుది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి ఒకటి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఒకటి, 1852కీ 1854కీ మధ్య అచ్చయ్యాయి. మొదలుపెట్టిననాటి కుర్రాడికి అప్పటికి యాభై దాటాయి.

ఆ నిఘంటువు ప్రత్యేకత నాకు ఒక చిన్న మాటతో తెలిసింది. మా అమ్మమ్మ నన్ను కుదురుగా కూర్చోమనేది. నేను రోజూ క్లాసులో అదే మాట కనీసం పదిసార్లు అంటాను. అసలు కుదురు అంటే ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. బ్రౌన్ నిఘంటువు ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో చూడవచ్చు. కుదురు అంటే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. చెట్టు మొదట్లో నీళ్ళు నిలవడానికి చేసే పాదు కూడా కుదురే. గుండ్రటి అడుగున్న కుండకి ఎంత కదలకుండా కూర్చుందామన్నా కుదరదు కదా, కింద ఏదో ఒక ఆధారం ఉండాలి. ఈ మాట ఏ కావ్యంలోంచి వచ్చిందో కాదు, వంటింట్లోంచి వచ్చింది. బ్రౌన్ కావ్యాల మాటలతో పాటు కచేరీలో, సంతలో, పొలంలో, ఇంట్లో వినిపించినవాటినీ రాసుకున్నారు. పండితుడు రాసి ఉంటే చిన్నమాట అని వదిలేసేవి చాలా ఆ నిఘంటువులో బతికున్నాయి. ఆ రోజు నుంచి మావాళ్ళని కుదురుగా కూర్చోమనేటప్పుడు కొంచెం జాలి కూడా వేస్తోంది.

1854లో ఇంకో చిన్న నిఘంటువు కూడా వేశారు. పూర్తిగా కలగాపులగం మాటలది. కచేరీ, అర్జీ, జమీందారు లాంటి పర్షియన్, అరబిక్, హిందుస్తానీ మాటలు అప్పటి తెలుగులో బోలెడు కలిసిపోయి ఉండేవి. అవి తెలుగు కాదని ఆయన ముక్కు మూసుకోలేదు. జనం వాడుతున్నారు కాబట్టి అర్థం రాసి పెట్టాలి అనుకున్నారు, అంతే. మా వాడు వాక్యంలో సగం ఇంగ్లీషే మాట్లాడుతున్నాడు మేడమ్ అని ఒకరు, సగం తెలుగే మాట్లాడుతున్నాడు మేడమ్ అని ఇంకొకరు కంప్లైంట్ చేస్తుంటారు. ఇద్దరికీ ఆ నిఘంటువు చూపించాలని ఉంది.

ఆరోగ్యం బాగాలేక ఆయన ఉద్యోగం మానుకుని ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ కూడా తెలుగు వదల్లేదు. 1865లో లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. 1884 డిసెంబరు 12న 86 ఏళ్ళ వయసులో చనిపోయారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు. 1903లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును సవరించి కొత్తగా వేసినప్పుడు, ఆ పని చేసిన ముగ్గురిలో కందుకూరి వీరేశలింగం గారు ఒకరు. మా లైబ్రరీలో ఉన్నది ఆ సవరించిన ప్రతికి పునర్ముద్రణ. అది కూడా మొదటి పేజీ తిప్పితేనే తెలిసింది.

ఇక ఆయన పుస్తకాలు మిగిలి మనిషి మరుగునపడే వంతు వచ్చింది. నిఘంటువు అందరి దగ్గరా ఉంది, బ్రౌన్ ఎవరో చెప్పేవాళ్ళు తక్కువ. నెల్లూరుకి చెందిన పత్రికా రచయిత బండి గోపాలరెడ్డి, బంగోరె అనే పేరుతో రాసేవారు, ఈ మనిషి ఎవరో తేల్చాలని పట్టుబట్టారు. కన్యాశుల్కం నాటకం మొట్టమొదటి కూర్పును వెతికి మళ్ళీ వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తరఫున జి. ఎన్. రెడ్డి గారితో కలిసి, బ్రౌన్ తన గురించి రాసుకున్న ఆ చిన్న పుస్తకాన్ని 1978లో మళ్ళీ అచ్చులోకి తెచ్చారు. ఉత్తరాలు, పాత కాగితాలు తవ్వి తీశారు. వేమన కోసం బ్రౌన్ ఎలా తిరిగారో, బ్రౌన్ కోసం బంగోరె అలా తిరిగారు.

కడపలో ఆ బంగళా ఎప్పుడో పాడుబడిపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు అనే ఉపాధ్యాయుడు అక్కడ ఒక గ్రంథాలయం నిలబెట్టాలని పూనుకుని, చిన్నచిన్న విరాళాలు పోగుచేస్తూ ఏళ్ళ తరబడి తిరిగారు. బంగళా ఉన్న ఆ స్థలంలోనే 1990లలో సి. పి. బ్రౌన్ గ్రంథాలయం తెరుచుకుంది. ఇప్పుడది భాషా పరిశోధన కేంద్రం. కడప వైపు వెళ్ళే పని ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళండి. అది ఏ విశ్వవిద్యాలయం కింద ఉందో గేటు మీద చదివించండి. యోగి వేమన విశ్వవిద్యాలయం.

నేను ఇదంతా చెప్పిన రోజు మా ఎనిమిదో తరగతి పిల్లాడు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి లైబ్రరీ పీరియడ్‌లో వాడు అయిదారు పుస్తకాలు ముందేసుకుని, కథలు చదవకుండా మొదటి పేజీలు మాత్రమే తిప్పుతున్నాడు. రాసింది ఎవరు, బొమ్మలు వేసింది ఎవరు, ఏ ఏడాది, ఏ ఊళ్ళో అచ్చు. నోట్‌బుక్కులో కుడి పేజీ మీద రాసుకుంటున్నాడు, ఎడమ పేజీ ఖాళీగా వదిలాడు. బెల్ కొట్టాక నా టేబుల్ దగ్గరికి వచ్చి, బంగోరె గురించి ఎవరైనా పుస్తకం రాశారా మేడమ్ అని అడిగాడు.

రేపు చెప్తాను అన్నాను.